కెమెరా ఎక్కడుంది? ఉక్రెయిన్ సినిమాల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీలో '2000 మీటర్స్ టు ఆంద్రియివ్కా' అనే ఉక్రెయిన్ డాక్యుమెంటరీ గురించి పట్టుమని పది లైన్లు రాశా, అంతే, ఉత్తరాలూ మెయిళ్ళూ కుప్పపడ్డాయి. ఆ సంచిక చూడనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తా: 2023లో బఖ్‌ముత్ దగ్గర ఒక చిన్న ఊరిని వెనక్కి తీసుకోడానికి ఉక్రెయిన్ సైనికులు సన్నగా పొడుగ్గా ఉన్న ఒక చెట్ల వరస వెంట ముందుకు పోతారు, ఆ వరస పొడవు రెండు కిలోమీటర్లు, మనం పొద్దున్నే వాకింగ్‌లో అరగంటలో పోయే దూరం, వాళ్ళకి నెలలు పట్టింది, తీరా చేరాక చూస్తే అక్కడ ఊరంటూ మిగల్లేదు, ఇటుకల కుప్పలు. తీసింది మిస్తిస్లావ్ చెర్నోవ్. సరే, ఈ నెల మొత్తం ఉక్రెయిన్ సినిమాలే, వేరే ప్రశ్నలు పంపినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

ప్ర: సార్, ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్‌లో ఉండగా వార్ మొదలైంది. కొన్ని రోజులు మెట్రో స్టేషన్‌లోనే పడుకున్నాం, తర్వాత ట్రైన్లో నిలబడి నిలబడి పోలండ్ బోర్డర్ దాకా వచ్చి ఇంటికి చేరా. అక్కడ ఎలా ఉండేదో అమ్మకి ఇప్పటికీ సరిగ్గా చెప్పలేకపోతున్నా. సినిమా చూపిస్తే సరిపోతుంది కదా అని '20 డేస్ ఇన్ మారియుపోల్' పెట్టా. పదిహేను నిమిషాలకి నేనే ఆపేశా. వేరేది ఏమైనా ఉందా? – ఒక మెడికో, నరసరావుపేట

జ: తమ్ముడూ, ఆపేసి మంచి పని చేశావు. అది తీసిన చెర్నోవ్ కూడా మీ ఖార్కివ్ వాడే, అక్కడే పుట్టాడు. 2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున, రష్యా దాడి మొదలవడానికి కాస్త ముందు, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ టీమ్‌తో మారియుపోల్ అనే రేవు నగరంలో దిగాడు. మిగతా విదేశీ విలేకరులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, వీళ్ళు ఉండిపోయారు. కరెంటు లేదు, నీళ్ళు లేవు, నెట్ పోయింది, ఎక్కడో ఒక మూల కాస్త సిగ్నల్ దొరికితే వీడియోల్ని చిన్న చిన్న ముక్కలు చేసి పంపేవాళ్ళు. మార్చి 9న ప్రసూతి ఆస్పత్రి మీద బాంబు పడింది, స్ట్రెచర్ మీద మోసుకెళ్తున్న గర్భిణి ఫొటో నువ్వూ నేనూ అందరం చూశాం, అది ఈ టీమ్ తీసిందే. నువ్వు డాక్టర్‌వి కాబోతున్నావు కాబట్టి చెప్తున్నా, అందులో నన్ను పట్టేసింది బాంబులు కాదు, డాక్టర్లు. మామూలుగా ఆస్పత్రిలో కెమెరా కనబడితే బయటికి పొమ్మంటారు. వీళ్ళు చేతులు ఆడిస్తూనే తీయండి, ఇది కూడా తీయండి అంటారు. పసిబిడ్డని బతికించలేకపోయిన డాక్టర్ గోడకి చేరి కూలబడితే కెమెరా కాస్త దూరంగానే నిలబడుతుంది, దగ్గరికి పోదు. ఆ దూరం చూడు, అది చాలా పెద్ద విషయం.

అమ్మకి మాత్రం అది వద్దు. కాతెరీనా గోర్నోస్తాయ్ తీసిన 'టైమ్‌స్టాంప్' చూపించు, 2025లో బెర్లిన్ ఫెస్టివల్ పోటీ విభాగంలో ఆడింది. యుద్ధంలో బడులు ఎలా నడుస్తున్నాయి, అంతే సినిమా. వెనక నుంచి గొంతు ఉండదు, ఇంటర్వ్యూలు ఉండవు. మీ ఖార్కివ్‌లో మీరు పడుకున్న మెట్రో స్టేషన్లలోనే తర్వాత పిల్లలకి క్లాసులు పెట్టారు కదా, అదొక్కటి చూస్తే మీ అమ్మగారికి సగం అర్థమైపోతుంది. ఇంకో సంగతి, ఆ టైటిల్ ఎక్కడిదో తెలుసా? రక్తం ఆగడానికి తొడకో చేతికో బిగించి కట్టే టూర్నికే ఉంటుంది కదా, కట్టిన టైమ్ దాని మీద రాయాలి. అది అక్కడ బడి పిల్లలకి నేర్పుతున్నారు. ఎందుకు రాయాలో మీ అమ్మకి నువ్వే చెప్పు, మాట అక్కణ్ణుంచి మొదలవుతుంది.

ప్ర: అయ్యా, నాకు 74 ఏళ్ళు. మాస్కోలో అచ్చయి తెలుగులో వచ్చిన రాదుగ, ప్రగతి ప్రచురణలు చదివి పెరిగిన తరం మాది. ఫిల్మ్ సొసైటీలో దోవ్‌జెంకో, జిగా వెర్తోవ్ సినిమాలు చూశాం, రష్యన్ సినిమాలనే చూశాం. ఇప్పుడు హఠాత్తుగా అవి ఉక్రెయిన్ సినిమాలంటున్నారు. ఇది కళని కూడా పంచుకోవడం కాదా? – రిటైర్డ్ లెక్చరర్, విజయవాడ

జ: మాస్టారూ, హఠాత్తుగా ఏం కాలేదు, మనకి అందిన అట్ట మీద సోవియట్ అనుంది, మనం దాన్ని రష్యా అని చదువుకున్నాం, అంతే. నేనూ అలాగే చదువుకున్నా లేండి.

వెర్తోవ్ సంగతి ముందు చూద్దాం. ఆయన ఉక్రెయిన్ మనిషి కాదు, ఇప్పటి పోలండ్‌లోని బియావిస్తోక్‌లో పుట్టిన యూదు. మాస్కో స్టూడియో పనిలోంచి తీసేస్తే ఉక్రెయిన్‌లోని 'వూఫ్కూ' అనే సినిమా సంస్థ పిలిచి పని ఇచ్చింది. ఆ డబ్బుతో తీసిందే 1929లో వచ్చిన 'మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా'. తెరమీద ఒక్క నగరంలా కనబడుతుంది గానీ, కీవ్, ఖార్కివ్, ఒదేసా, మాస్కో అన్నీ కలిపి కుట్టారు. కాబట్టి మనిషి ఎవరంటే నేను వాదించను, సినిమా ఎవరిదంటే ఉక్రెయిన్ స్టూడియోది, కాగితాల మీద ఉన్న మాట.

దోవ్‌జెంకో దగ్గర ఆ గొడవే లేదు. సోస్నిత్సియాలో పుట్టిన రైతుబిడ్డ. 1930లో తీసిన 'జెమ్లియా' చూసే ఉంటారు, అంటే నేల, భూమి. పేరు వినగానే మనకి 'మా భూమి' గుర్తొస్తుంది, కానీ అక్కడ రైతు దొర చేతిలోంచి భూమి తీసుకుంటాడు, ఇక్కడ రైతు చేతిలోంచి ఉమ్మడి వ్యవసాయానికి పోతుంది. సినిమా దాన్ని మెచ్చుకుంటూనే తీశారు, ప్రచారానికే. అయినా మొదట్లో ఆ తాత చనిపోయే సీన్ చూడండి మాస్టారూ. తోటలో రాలిన పళ్ళ మధ్య పడుకుని, చుట్టూ మనవలు, ఆఖరుగా ఒక పండు కొరికి, ఇక పోతున్నా అన్నట్టు పోతాడు. ఎవరూ గుండెలు బాదుకోరు. ప్రచార సినిమాలో అంత నెమ్మదిగా చావు చూపించినవాడు లేడు. తర్వాత ఊళ్ళోకి ట్రాక్టర్ వస్తుంది, నీళ్ళు లేక ఆగిపోతుంది, ఊరి మగాళ్ళంతా కలిసి రేడియేటర్‌లో మూత్రం పోసి నడిపిస్తారు. పైవాళ్ళకి ఆ ముక్క అస్సలు నచ్చలేదు, కోయించేశారు. మొత్తం సినిమాని అనుమానంగానే చూశారు. ఆ తెరమీద ఊగిన గోధుమ పొలాల మీదే రెండు మూడేళ్ళకి హోలోదోమోర్, అంటే స్టాలిన్ కాలపు మహా కరువు, వచ్చిపడింది.

అదే దోవ్‌జెంకో రెండో ప్రపంచ యుద్ధంలో 'మంటల్లో ఉక్రెయిన్' అని స్క్రిప్ట్ రాస్తే స్టాలిన్ స్వయంగా పక్కన పెట్టించాడు. ఆ తర్వాత ఆయన సొంత నేల మీద స్థిరపడలేకపోయాడు, 1956లో మాస్కోలోనే పోయాడు. కీవ్ స్టూడియోకి మాత్రం ఆయన పేరే పెట్టారు. పంచుకోవడం అన్నారు కదా మాస్టారూ, మరి తీసుకుపోయింది ముందు ఎవరు?

ప్ర: 'నాటు నాటు' పాట ఉక్రెయిన్ ప్రెసిడెంట్ ఇంట్లో తీశారట, నిజమేనా? – ఇంటర్ సెకండియర్, భీమవరం

జ: నిజం. కీవ్‌లో మరీన్‌స్కీ ప్యాలెస్, ప్రెసిడెంట్ అధికారిక భవనం. 2021 ఆగస్టులో షూటింగ్, ఆరు నెలలకి యుద్ధం. ఇంకోటి చెప్తా విను. 2023 మార్చిలో ఆ పాటకి ఆస్కార్ వచ్చింది, సరిగ్గా మరుసటేడు 2024 మార్చిలో '20 డేస్ ఇన్ మారియుపోల్'కి బెస్ట్ డాక్యుమెంటరీ ఆస్కార్, ఉక్రెయిన్‌కి అదే మొదటిది. అదే కేటగిరీలో మన జార్ఖండ్ తండ్రీకూతుళ్ళ కథ 'టు కిల్ ఎ టైగర్' కూడా పోటీలో ఉంది. చెర్నోవ్ స్టేజ్ ఎక్కి, అసలు ఈ సినిమా తీయాల్సిన అవసరమే రాకుండా ఉంటే బాగుండేది, ఇలా అనే మొదటి డైరెక్టర్‌ని నేనేనేమో అన్నాడు. మనవాళ్ళు అదే స్టేజ్ మీద పాట పాడారు. రెండూ ఒకే దేశంతో ముడిపడ్డాయి అంటే అదోలా ఉంటుంది.

ప్ర: ఓయూలో చదివేటప్పుడు తెలంగాణ ఉద్యమంలో తిరిగినవాణ్ణి. సాగరహారం రోజు నెక్లెస్ రోడ్డు మీదున్నా. గుంపులో ఉన్నవాడికి ఏం కనబడుతుందో నాకు తెలుసు, ముందున్నోడి వీపు తప్ప ఏం కనబడదు. మైదాన్ ఉద్యమం మీద నెట్‌ఫ్లిక్స్‌లో 'వింటర్ ఆన్ ఫైర్' చూసిన, ఏడ్చిన కూడా, కానీ తర్వాత ఎక్కడో తేడా కొట్టింది. అన్నీ అంత క్లియర్‌గా ఎట్ల కనబడ్డయి? – ఒక అన్న, వరంగల్

జ: అన్నా, ముందున్నోడి వీపు అనే మాట నేను దాచుకుంటున్నా, ఎప్పుడైనా వాడుకుంటా.

మీకు తేడా కొట్టిన చోటు సరైనదే. ఎవ్గెనీ అఫినీవ్‌స్కీ 2015లో తీసిన ఆ సినిమా చాలామంది షూట్ చేసిన ఫుటేజ్‌ని కలిపి 93 రోజుల కథగా అల్లింది. యూరోపియన్ యూనియన్‌తో ఒప్పందం మీద యనుకోవిచ్ ప్రభుత్వం వెనక్కి తగ్గిందని 2013 నవంబర్ చివర్లో కుర్రాళ్ళు కీవ్ నడిబొడ్డున చౌరస్తాకి చేరడం దగ్గర మొదలై, 2014 ఫిబ్రవరిలో కాల్పులు, ప్రెసిడెంట్ పరారీ దాకా వస్తుంది. సంగీతం ఎక్కడ పెరగాలో అక్కడ పెరుగుతుంది. హీరోలు ఉన్నారు. ఉద్యమంలో లోపల్లోపల ఉన్న తగాదాలు, అతివాద గుంపులు, ఇవి పెద్దగా కనబడవు. అందులో నాకు బాగా నచ్చింది ఒక్కటి, డిసెంబర్ రాత్రి పోలీసులు చుట్టుముడితే సెయింట్ మైకేల్ మఠంలో గంటలు మోగిస్తారు, ఊరంతా లేచి వస్తుంది. అలా మోగడం 1240లో మంగోలులు వచ్చినప్పటి తర్వాత మళ్ళీ అప్పుడేనట. ఆ ఒక్క సీన్‌కి ఏ మ్యూజిక్కూ అక్కర్లేదు.

మీకు కావాల్సింది సెర్గీ లోజ్నిత్సా తీసిన 'మైదాన్', 2014. కెమెరా ఒక చోట పెడతాడు, పెట్టి వదిలేస్తాడు, దాదాపు సినిమా అంతా అంతే. రొట్టెలు కోసేవాళ్ళు, టీ పంచేవాళ్ళు, నిద్రపోయేవాళ్ళు, ఎవడో కవిత చదువుతుంటాడు, మైకులో ఏదో ప్రకటన వస్తుంది ఫలానావాళ్ళు ఫలానా చోటికి రండి అని. ఎవరి పేరూ తెలీదు. మొదటి అరగంట విసుగొస్తుంది, ముందే చెప్తున్నా. తర్వాత టోపీలు పోయి హెల్మెట్లు వస్తాయి, జాతీయగీతం అదే గానీ పాడే గొంతులు మారిపోతాయి, ఎప్పుడు మారిందో పట్టుకోలేం. గుంపులో ఉన్నవాడి అనుభవం అదే కదా అన్నా.

ఆయనదే 'బాబి యార్. కాంటెక్స్ట్', 2021. 1941 సెప్టెంబర్ 29, 30 తేదీల్లో కీవ్ శివార్లలోని ఒక లోయలో నాజీలు 33,771 మంది యూదుల్ని కాల్చి చంపారు, రెండే రోజుల్లో. సినిమా మొత్తం పాత ఆర్కైవ్ ఫుటేజే, జర్మన్లు తీసింది, సోవియట్‌లు తీసింది. కాల్పులు మాత్రం ఎక్కడా కనబడవు, ఆ దగ్గరికి వచ్చేసరికి తెర మీద రాత, నిశ్శబ్దం. చివర్లో 1946 జనవరిలో యుద్ధ నేరస్తులైన జర్మన్లని నగరం నడిబొడ్డున ఉరితీయడం ఉంటుంది, కనుచూపు మేర జనం. ఆ చౌరస్తా ఏదో తెలుసా? అప్పటి పేరు కాలినిన్ స్క్వేర్. ఇప్పటి పేరు మైదాన్. మీరు నెట్‌ఫ్లిక్స్‌లో చూసిన చౌరస్తానే.

ప్ర: మీరంతా ఒకే వైపు పాట పాడుతున్నారు. ఇవన్నీ పశ్చిమ దేశాలు అవార్డులిచ్చి ఎత్తుకుంటున్న ప్రాపగాండా సినిమాలు. రెండో వైపు కూడా చూపించే దమ్ముందా? – పేరు రాయని పాఠకుడు

జ: పేరు రాస్తే ఏం పోయేది సార్. సరే, కోపంలో అడిగినా మంచి ప్రశ్నే.

ప్రాపగాండా లేదని నేననను. 2017లో వచ్చిన 'సైబోర్గ్స్' ఉంది, దొనెత్స్క్ ఎయిర్‌పోర్ట్‌ని 2014–15లో రష్యా వైపు దళాల నుంచి 242 రోజులు కాపాడిన సైనికుల మీద. డైరెక్టర్ అఖ్తెమ్ సెయితాబ్లాయెవ్. బాగా తీశారు, మధ్యలో సైనికులు కూర్చుని దేశం గురించి చేసే వాదనలు కూడా బాగుంటాయి, కానీ అది జెండా సినిమా, మన దగ్గర ఆగస్టు 15కి వేసే రకం, ఆ లెక్కలోనే చూడాలి.

కానీ మీరు చెప్పిన లోజ్నిత్సా... మీరు చెప్పలేదు లేండి, నేనే చెప్పా, ఆయన్నే తీసుకోండి. 2022 మార్చిలో రష్యన్ సినిమాల్ని గంపగుత్తగా బహిష్కరించొద్దు అన్నందుకు ఉక్రెయిన్ ఫిల్మ్ అకాడమీ ఆయన్ని బయటికి పంపేసింది. నా దృష్టిలో అది తప్పు. బాంబుల కింద ఉన్నవాళ్ళ కోపం అది, నేను హైదరాబాద్‌లో ఏసీ కింద కూర్చుని తీర్పు చెప్పడం సులువు, అయినా తప్పే. అదే మనిషి 2018లో తీసిన 'దోన్‌బాస్' (రష్యా అండ ఉన్న వేర్పాటువాదులు పట్టుకున్న తూర్పు ఉక్రెయిన్ ప్రాంతం మీద) మొదలయ్యేదే మేకప్ వ్యాన్‌లో. కొందరికి మేకప్ వేస్తారు, బయటికి తీసుకెళ్తారు, పేలుడు పేలుతుంది, వీళ్ళు టీవీ కెమెరా ముందు ప్రత్యక్ష సాక్షుల్లా మాట్లాడతారు. నటులు. సినిమా ఆఖర్లో ఆ మేకప్ వ్యాన్‌కే మళ్ళీ వస్తాడు, ఏమవుతుందో చెప్పను. అబద్ధం ఎలా వండుతారో చూడాలంటే అది చూడండి. నాలుగేళ్ళ తర్వాత మారియుపోల్ ఆస్పత్రిలో గాయపడిన నిజం గర్భిణిని పట్టుకుని నటి అని రష్యా ప్రచారం చేసింది, అంటే సినిమా ముందే చెప్పినట్టయింది.

ఇక రెండో వైపు అన్నారు. ఒక్సానా కార్పోవిచ్ తీసిన 'ఇంటర్‌సెప్టెడ్' 2024లో వచ్చింది. తెర మీద ఉక్రెయిన్, కూలిన వంటిళ్ళు, కప్పు లేని గదులు, ఎండలో ఊగే కర్టెన్లు, కెమెరా కదలదు. వినబడేదంతా రష్యన్ సైనికుల గొంతులే, ఇంటికి ఫోన్ చేసి పెళ్ళాంతో, అమ్మతో మాట్లాడే మాటలు, ఉక్రెయిన్ నిఘావాళ్ళు పట్టి బయటపెట్టినవి. ఒకడు భయంతో ఏడుస్తాడు, ఒకడు ఇక్కడివాళ్ళు మనకంటే బాగా బతుకుతున్నారే అని ఆశ్చర్యపోతాడు, ఇంకొకడు చేసిన ఘోరాలు చెప్తుంటే అవతల అమ్మ వింటూ ఉంటుంది. చూసి మళ్ళీ రాయండి, పేరుతో.

ప్ర: నమస్తే అండి. మా నానమ్మ వాళ్ళ నానమ్మ ధాత కరువు కథలు చెప్పేదట, కలివి ఆకు కూడా దొరకని రోజులని. హోలోదోమోర్ గురించి చదివితే అదే గుర్తొచ్చింది. దాని మీద మంచి సినిమా చెప్తారా? – గృహిణి, ప్రొద్దుటూరు

జ: అమ్మా, ధాత కరువు 1876–78ది. వాన పడలేదు, నిజమే, కానీ జనం మలమల మాడుతుంటే రేవుల నుంచి ధాన్యం ఓడలెక్కుతూనే ఉంది. 1932–33లో ఉక్రెయిన్‌లోనూ అంతే, ధాన్యం పోతూనే ఉంది, కాకపోతే అక్కడ ఇళ్ళలోకి వచ్చి సోదా చేసి మరీ పట్టుకుపోయారు, కోటా ఇవ్వని ఊళ్ళకి సరుకులు ఆపేశారు, తిండి వెతుక్కుంటూ వలస పోకుండా దారులు మూసేశారు. లక్షల్లో చనిపోయారు. ఆ తర్వాత యాభై ఏళ్ళ పైన ఆ మాట ఎత్తడమే నేరం, సినిమా సంగతి దేవుడెరుగు. ఒలెస్ యాంచుక్ 'హోలోద్ 33' తీయగలిగింది 1991లో, దేశం విడిపోయిన ఏడు.

సులువుగా దొరికేది అగ్నీష్కా హోలండ్ అనే పోలిష్ డైరెక్టర్ 2019లో తీసిన 'మిస్టర్ జోన్స్'. గారెత్ జోన్స్ అనే వేల్స్ విలేకరి 1933 మార్చిలో రైలు దిగి మంచులో ఊళ్ళు తిరిగి కరువు సంగతి బయటపెట్టాడు. న్యూయార్క్ టైమ్స్ మాస్కో విలేకరి వాల్టర్ డ్యురాంటీ, అబ్బే అంత లేదు అని రాశాడు, అప్పటికే ఆయనకి పులిట్జర్ కూడా ఉంది. సినిమాలో రంగులు మాస్కోలో ఉంటాయి, రైలు దిగాక పోతాయి. జోన్స్ చేతిలో ఒక నారింజ ఉంటుంది, తిని తొక్క పడేస్తే దాని మీద పడతారు. ఒక్క మాట మాత్రం, మనిషి మాంసం సీన్ ఒకటి పెట్టారు, జోన్స్‌కి అలాంటిది జరగలేదని ఆయన బంధువులే అభ్యంతరం చెప్పారు. నిజమే అంత భయంకరంగా ఉంటే ఇంకొంచెం కలపడం ఎందుకో నాకూ అర్థం కాలేదు.

ఒలెస్ సానిన్ 'పొవోదీర్' (దారి చూపేవాడు అని), 2014, కూడా చూడండి. కోబ్జార్లని గుడ్డి పాటగాళ్ళు ఉండేవాళ్ళు, ఊరూరా తిరిగి చరిత్ర పాడేవాళ్ళు, చేయి పట్టుకు నడిపించే ఒక పిల్లాడు పక్కన. వాళ్ళని స్టాలిన్ కాలంలో ఒక చోటికి పిలిచి చంపేశారని జనం చెప్పుకుంటారు. చరిత్రకారులకి ఆ సభ కాగితాలు దొరకలేదు, వేధించిన సంగతి మాత్రం నిజం. బుర్రకథని నిషేధించిన నేల మనది, పాటంటే ప్రభుత్వాలకి ఎందుకంత భయమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ప్ర: బ్రో, షార్ట్ ఫిల్మ్స్ తీస్తుంటా, బడ్జెట్ జీరో. ఈ సినిమాల్లో మేకింగ్ పరంగా నేర్చుకునేది ఏమైనా ఉందా, లేక అంతా ఎమోషనేనా? – కూకట్‌పల్లి

జ: ఉంది బ్రో, బోలెడు. వాలెంతిన్ వాస్యనోవిచ్ 'అట్లాంటిస్', 2019, వెనిస్‌లో ఒరిజోంతి విభాగంలో బెస్ట్ ఫిల్మ్. డైరెక్షన్, కెమెరా, ఎడిటింగ్ ఆయనే. కథ 2025లో, అంటే అప్పటికి భవిష్యత్తు, యుద్ధం అయిపోయి తూర్పు ఉక్రెయిన్ మనుషులు బతకలేని నేల అయిపోయిన రోజుల్లో జరుగుతుంది. హీరో ఆంద్రీ రిమరూక్ నిజంగా ఆ యుద్ధంలో పోరాడి వచ్చిన మనిషి, ప్రొఫెషనల్ యాక్టర్ కాదు. దాదాపు సీన్‌కి ఒక షాట్, కట్ లేదు, కదలిక కూడా తక్కువే. ఒక సీన్ చెప్తా: బీడు నేల, ఒక జేసీబీ తొట్టి. వాడు దాన్నిండా నీళ్ళు పట్టి, కింద మంట పెట్టి, నీళ్ళు కాగేదాకా కూర్చుని, బట్టలు విప్పి అందులో దిగి స్నానం చేస్తాడు. అంతే సీన్. డైలాగ్ లేదు. నీ దగ్గర జీరో బడ్జెట్ ఉన్నా ఒక జేసీబీ ఉన్న మేనమామ ఉంటే చాలు. ఆ సినిమా మొదలూ చివరా థర్మల్ కెమెరాతో తీశారు, మనుషులు వేడి మరకల్లా కనబడతారు, మొదటిదానికీ చివరిదానికీ ఆ వేడి అర్థమే మారిపోతుంది.

ఇంకోటి దానికి పూర్తిగా రివర్స్. ఒలెగ్ సెంత్సోవ్ పేరు విన్నావా? క్రిమియా డైరెక్టర్, 2014లో రష్యా అరెస్ట్ చేసి 20 ఏళ్ళు వేసింది, జైల్లో 145 రోజులు నిరాహారదీక్ష చేశాడు, 2019లో ఖైదీల మార్పిడిలో బయటికొచ్చాడు. 2022లో సైన్యంలో చేరాడు. 2023 వేసవిలో ట్రెంచ్‌లో ఉండగా హెల్మెట్ మీదున్న గోప్రో తెలీకుండా ఆన్ అయిపోయింది, గంటన్నర రికార్డ్ అయింది. చాన్నాళ్ళకి ఫైల్స్ చూస్తుంటే బయటపడింది. దాన్ని అలాగే వదిలాడు, 'రియల్' అని పేరు పెట్టాడు, 2024. రియల్ అంటే నిజం అనుకున్నావు కదా, నేనూ అనుకున్నా. అక్కడి పొజిషన్లకి ఫుట్‌బాల్ క్లబ్బుల పేర్లు పెట్టుకున్నారు, రియల్ అంటే రియల్ మాడ్రిడ్. సినిమా అంతా వైర్‌లెస్‌లో అరుపులే, చుట్టుముట్టబడ్డ తోటివాళ్ళని బయటికి తేవడానికి. శత్రువు కనబడడు. మట్టి గోడ, ఎవడిదో మోకాలు, రేడియో. చూడ్డానికి కష్టం, నేను రెండుసార్లు పాజ్ చేశా, కానీ యుద్ధమంటే ఎక్కువ భాగం ఫోన్ కలవకపోవడమే అని అది చూశాకే తెలిసింది.

ప్ర: సోవియట్ కాలంలో నిరసన సినిమా ఒక్కటైనా వచ్చిందా? – కాకినాడ

జ: నిరసన సినిమా కాదు గానీ, సినిమా దగ్గర నిరసన ఒకటి ఉంది. సెర్గీ పరాజానోవ్ 'షాడోస్ ఆఫ్ ఫర్గాటెన్ ఆన్సెస్టర్స్'. కార్పాతియన్ కొండల్లో హుత్సుల్ జాతి ప్రేమకథ, కోత్సుబిన్‌స్కీ నవల. రాజకీయం ముక్క లేదు. మాటలు హుత్సుల్ యాసలోనే ఉంచారు, రష్యన్ డబ్బింగ్ చెయ్యనివ్వలేదు, అప్పట్లో అది చిన్న విషయం కాదు. 1965 సెప్టెంబర్ 4న కీవ్‌లో 'ఉక్రయినా' థియేటర్లో ప్రీమియర్. సరిగ్గా ఆ రోజుల్లోనే ఉక్రెయిన్ రచయితల్ని, మేధావుల్ని చడీచప్పుడు లేకుండా అరెస్ట్ చేస్తున్నారు. విమర్శకుడు ఇవాన్ జ్యూబా స్టేజ్ ఎక్కాడు, సినిమా టీమ్‌కి పూలిచ్చి నాలుగు మాటలు చెప్తాడనుకున్నారు. ఆయన అరెస్టుల సంగతి చెప్పేశాడు. మైకు మూయించడానికి చూశారు, గోల చేశారు. హాల్లోంచి విలేకరి చోర్నోవిల్, కవి వసీల్ స్తూస్ లేచి, నిరంకుశత్వానికి వ్యతిరేకులు లేచి నిలబడండి అన్నారు. కొందరు లేచారు. అందరూ లేవలేదు.

తర్వాత స్తూస్ చదువు పోయింది, చివరికి 1985లో లేబర్ క్యాంపులోనే ప్రాణం పోయింది. పరాజానోవ్‌ని 1973లో అరెస్ట్ చేసి నాలుగేళ్ళు జైల్లో పెట్టారు. చూసేటప్పుడు సినిమాని ప్రేమకథగానే చూడండి, కెమెరా చెట్టుతో పాటు పడిపోయే షాట్ మొదట్లోనే వస్తుంది, మిస్ అవ్వొద్దు.

ప్ర: ఇవన్నీ కాదు సార్, ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేది ఒక్కటంటే ఒక్కటి చెప్పండి. పిల్లలు ఎనిమిది, పది చదువుతున్నారు. – కర్నూలు

జ: ఇరీనా త్సిలీక్ తీసిన 'ది ఎర్త్ ఈజ్ బ్లూ యాజ్ యాన్ ఆరెంజ్'. గంటా పావు కంటే ఎక్కువ లేదు. 2020లో సండాన్స్‌లో డైరెక్టర్‌కి అవార్డు వచ్చింది. త్సిలీక్ కవయిత్రి కూడా, టైటిల్ ఒక ఫ్రెంచ్ కవిత లైను. క్రాస్నొహోరివ్కా అనే ఊరు, అప్పట్లో దోన్‌బాస్‌లో యుద్ధం అంచున ఉండేది. ఒక తల్లి, నలుగురు పిల్లలు, పిల్లులు. పక్కింటి మీద షెల్ పడుతుంది, మరుసటి రోజు మామూలుగానే తెల్లారుతుంది. వీళ్ళకి సినిమా పిచ్చి, అందుకని తమ మీద తామే సినిమా తీసుకుంటుంటారు, పెద్దమ్మాయి కెమెరా, మిగతావాళ్ళు లైటు పట్టుకునేది, క్లాప్ కొట్టేది. ఒక్కొక్కరినీ కెమెరా ముందు కూర్చోబెట్టి యుద్ధం గురించి అడుగుతారు, అమ్మ వంతు వస్తుంది, అమ్మ మాట్లాడలేకపోతుంది, కూతురు కెమెరా వెనకే ఉండిపోతుంది. పెద్దమ్మాయికి ఫిల్మ్ స్కూల్లో సీటొస్తుందా రాదా అనేది ఇంకో టెన్షన్, మీ ఇంట్లో టెన్త్ పిల్లలకి అది బాగా ఎక్కుతుంది.

రక్తం లేదు, శవాలు లేవు. మధ్యలో ఒకటి రెండు చోట్ల పేలుడు శబ్దం గట్టిగా వస్తుంది, సౌండ్ కాస్త తగ్గించుకోండి, మధ్యాహ్నం పూట పెద్దవాళ్ళు నిద్రపోతుంటారు కదా.